మట్టి ఇళ్ళ మేస్త్రీ హసన్ ఫతహీ

ప్రతి సంవత్సరం మన సావనీరులో ఒక పెద్దమనిషి జీవితం గురించి రాయడం ఆనవాయితీగా వస్తున్నది. ఈసారి గృహవసతి మీద ఏదైనా రాయమని కమిటీవారు నన్ను పురమాయించారు. లెక్కలతో, స్కీముల పేర్లతో పేజీలు నింపితే చదివేవాళ్ళు వుండరు. అందుచేత సర్కారు సొమ్ముతో బీదలకు ఇళ్ళు కట్టించబోయి, సగం గెలిచి సగం ఓడిపోయిన ఒక మనిషి కథ చెబుదామనుకున్నాను. ఆయన ఈజిప్టు దేశస్థుడు. పేరు హసన్ ఫతహీ. ప్రపంచంలో ఇళ్ళ నిర్మాణం చదువుకునే విద్యార్థులందరికీ ఆయన పేరు తెలుసు. మన బస్తీలలో మాత్రం వినబడదు.

ఫతహీ గారు 1900 సంవత్సరం మార్చి 23న అలెగ్జాండ్రియా పట్టణంలో పుట్టారు. కలిగిన కుటుంబమే. నాన్నగారికి పల్లెల్లో పొలాలు వుండేవి, కాని ఆయన అటువైపు కాలు పెట్టేవాడు కాదు. పల్లె అంటే ఈగలు, దోమలు, మురికినీళ్ళు అని ఆయన ఉద్దేశం. పిల్లల్ని కూడా వెళ్ళనిచ్చేవాడు కాదు. అమ్మగారు దీనికి పూర్తిగా వ్యతిరేకం. చిన్నప్పుడు పల్లెలో గడిపిన రోజులు, వెంట తిరిగిన గొర్రెపిల్ల, ఇంట్లోనే తయారయ్యే తిండీ తిప్పలూ అన్నీ పిల్లలకు కథలుగా చెప్పేది. ఇలా ఒక చెవిలో ఈగలూ దోమలూ, మరో చెవిలో గొర్రెపిల్లా వింటూ ఆ పిల్లవాడు పెరిగాడు. తన ఇష్టమంతా అమ్మ చెప్పిన పల్లె మీదే వుండేదని తరువాత ఆయనే రాసుకున్నారు.

వ్యవసాయం చదవాలనుకున్నారు గాని ప్రవేశ పరీక్షలో తప్పారు. పొలం ముఖం చూడని కుర్రవాడు పంటల ప్రశ్నలకు ఏం జవాబు చెబుతాడు? ఆ దారి మూసుకుపోయి ఇంజనీరింగు కళాశాలలో చేరి, 1926లో కైరోలో ఆర్కిటెక్టుగా పట్టా పుచ్చుకున్నారు. తల్ఖా అనే ఊళ్ళో ఒక బడి కట్టించడం మొదటి ఉద్యోగం. రోజూ పనికి వెళ్ళే దారిలో బీదల ఇరుకు సందులు, బురద, చెత్త, వాటి మధ్య మనుషులు కనబడేవారు. చూడలేక వేరే దారిన చుట్టుతిరిగి వెళ్ళేవారట. సొంత కుటుంబం పొలం మీద మొదటిసారి కాలు పెట్టింది 27 ఏళ్ళ వయసులో. అక్కడి కూలీల గుడిసెలు చూశాక మనసు మనసులో లేదు. తమ కడుపు నింపే మనుషులు తమ కళ్ళముందే పశువులకంటే హీనంగా బతుకుతున్నారు, ఇన్నాళ్ళూ తామెవరూ తిరిగి చూడలేదు. తల్లితండ్రులకు నచ్చజెప్పి ఆ ఇళ్ళు మళ్ళీ కట్టించారు. దారి మార్చి తప్పించుకు తిరిగిన మనిషి ఆ తరువాత జీవితమంతా ఆ దారిలోనే నడిచారు.

1930 నుంచి కైరోలో లలితకళల కళాశాలలో పాఠాలు చెప్పారు. పాఠాలతోపాటు ఆయన్ను పట్టి పీడించిన ప్రశ్న ఒక్కటే. పల్లెటూరి బీదవాడు సిమెంటు కొనలేడు, ఇనుము కొనలేడు, కలప అంతకన్నా కొనలేడు. ఈజిప్టులో అడవులే లేవాయె. బీదవాడి కాళ్ళకింద వున్నది మట్టి ఒక్కటే. గోడలకు మట్టి సరే, కప్పు మాట ఏమిటి? ఇల్లంటే అసలు ఖర్చు కప్పుదే, ఇల్లు కట్టినవాళ్ళకు ఇది చెప్పనక్కర్లేదు.

రెండవ ప్రపంచ యుద్ధం వచ్చి కలప, ఇనుము బజారులో కనబడకుండా పోయాయి. 1941లో బహ్తీం అనే చోట ఒక వ్యవసాయ సంఘం వారి క్షేత్రంలో కూలీలకు ఇళ్ళు కట్టే పని ఫతహీ గారికి వచ్చింది. కప్పు కూడా పచ్చి ఇటుకతోనే కమానులాగా వేయించుదామని పూనుకున్నారు. సెంట్రింగు లేకుండా వేస్తే కూలిపోయింది. మళ్ళీ వేశారు, మళ్ళీ కూలింది. సెంట్రింగుకు చెక్క పెడితే ఆ చెక్క ఖర్చుతో ఇంటికి మామూలు కప్పే వేయవచ్చు. అప్పుడు అస్వాన్ ఆనకట్ట పనుల్లో వున్న ఆయన అన్నదమ్ముడొకడు ఒక మాట చెప్పాడు. దక్షిణాన నూబియావాళ్ళు సెంట్రింగు ఏమీ లేకుండానే మట్టి కప్పులు వేస్తున్నారని.

ఆయన వెంటనే అస్వాన్ వెళ్ళారు. నైలు నది పడమటి ఒడ్డున వున్న ఒక ఊళ్ళో అడుగుపెట్టి నిలబడిపోయారు. ఊరంతా శుభ్రమైన, ఎత్తైన మట్టి ఇళ్ళు. ఏ ఇంటి కప్పు చూసినా కమానే. ఏ కాలేజీలోనూ చదవని మేస్త్రీలు తరతరాలుగా కడుతున్నారు.

ఆ పద్ధతి కొంచెం వివరంగా చెబుతాను, మనలో మేస్త్రీ కుటుంబాలు చాలా వున్నాయి గనుక. గదికి ముందు మూడువైపులా మామూలు గోడలు లేపుతారు, నాలుగోవైపు చివరి గోడ మాత్రం బాగా ఎత్తుగా కడతారు. ఆ ఎత్తు గోడ మీద బురదతో కమాను గీత గీస్తారు. దారం లేదు, కొలబద్ద లేదు, చేతి అలవాటే. కప్పుకు వాడే ఇటుక వేరు. గోడ ఇటుకకన్నా గడ్డి ఎక్కువ కలిపి తేలికగా పోస్తారు, పలుచగా వుంటుంది. పచ్చిగా వున్నప్పుడే దాని ముఖం మీద వేలితో రెండు గాళ్ళు గీస్తారు. ఆ గాళ్ళవల్ల ఇటుక తడి బురదకు జలగలాగా పట్టుకుంటుంది. మొదటి వరసను నిటారుగా కాక ఎత్తుగోడకు ఆనించి వాలుగా పెడతారు. రెండో వరస మొదటిదానికి ఆనుతుంది, మూడోది రెండోదానికి. ప్రతి వరసా తన బరువును వెనక వరస మీద వాల్చుకుంటూ పోతుంది గనుక కింద చెక్క అవసరమే రాదు. ఇద్దరు మేస్త్రీలు, ఇటుకలూ బురదా అందించే ఇద్దరు కుర్రాళ్ళు, చేతిలో ఒక బాడిసె వుంటే ఒకటిన్నర రోజులో గదికి కప్పు పడుతుంది. ఇదేమీ కొత్త విద్య కాదు, ఫరోల కాలంనాటి ధాన్యపు కొట్లు ఇలా కట్టినవి ఈనాటికీ లక్సర్ దగ్గర నిలబడే వున్నాయి. ఊళ్ళో కళ్ళెదుట వున్నదాన్ని చదువుకున్నవాళ్ళు చూడలేదు, అంతే.

అస్వాన్ మేస్త్రీలను వెంటబెట్టుకొచ్చి బహ్తీం ఇళ్ళు పూర్తి చేశారు. ఆ తరువాత కైరో పక్కన మాదీ దగ్గర వరదకు కొట్టుకుపోయిన ఒక చిన్న ఊరికి, దొంగల ఊరని దానికి పేరు, ఒక నమూనా ఇల్లు 164 పౌండ్లకు కట్టి చూపించారు. దానికి పూనుకున్న సహాయ సంఘం వారు చూశారు, మెచ్చుకున్నారు, ఆఖరికి మిగిలిన 20 ఇళ్ళూ వేరొకరిచేత కాంక్రీటుతో అంతకు ఎన్నో రెట్ల ఖర్చుతో కట్టించుకున్నారు. ఫతహీ గారు కట్టిన ఇంటిని పడగొట్టేశారు. మట్టి ఇల్లు పరువు తక్కువ అన్న మాట అక్కడా వుంది, ఇక్కడా వుంది.

ఇక అసలు కథకు వస్తున్నాను. లక్సర్ పట్టణానికి ఎదురుగా నైలు పడమటి ఒడ్డున కొండవాలులో గుర్నా అనే పల్లె వుండేది. ఊరంటే ఒక ఊరు కాదు, అయిదు గుంపులుగా దాదాపు 7,000 మంది జనం. ఇళ్ళన్నీ పురాతన ప్రభువుల సమాధుల మీద, వాటి పక్కన, కొన్నయితే వాటిని కలుపుకొని కట్టినవే. పొలాలు తక్కువ, అవి కూడా పెద్ద భూస్వాములవి. మరి జనం ఏం తిని బతికేవారు? సమాధులు తవ్వి దొరికిన సామాను దళారులకు అమ్ముకునేవారు. లాభమంతా దళారులకే పోయేది, వీళ్ళకు మిగిలేది కూలిడబ్బులే. ఒకసారి ఒక సమాధి గోడ మీద చెక్కిన ప్రసిద్ధమైన శిల్పం మొత్తానికి మొత్తం మాయమైంది. దేశమంతా గగ్గోలు పుట్టింది. పురావస్తు శాఖవారు ఊరినే అక్కడినుంచి లేపేయాలని తీర్మానించి, స్థలాలు స్వాధీనం చేసుకుంటున్నట్లు ఉత్తర్వు తెచ్చారు. కొత్త ఊరు తయారయ్యేదాకా పాత ఇళ్ళలో వుండవచ్చునన్నారు.

సర్కారు మంజూరు చేసిన సొమ్మును కుటుంబాల లెక్కన పంచి చూస్తే సిమెంటు ఇంట్లో ఒక గదికి కూడా చాలదు. సుమారు 900 కుటుంబాలు మరి. అప్పుడు శాఖలోని అధికారులకు ఫతహీ గారి మట్టి ఇళ్ళు గుర్తుకొచ్చాయి. 1945లో ఆయన కళాశాలకు సెలవు పెట్టి ఆ పని నెత్తికెత్తుకున్నారు. కొండ కింద, మెమ్నాన్ విగ్రహాలకు దగ్గరలో, కట్ట పోసి వరదనుంచి కాపాడిన సుమారు 50 ఎకరాల సాగుభూమిని ఊరికోసం కొన్నారు.

ఇక్కడ ఆయన చేసిన పని జాగ్రత్తగా గమనించవలసింది. సర్కారు ఇళ్ళంటే మనకు తెలిసిన రూపం ఒకటే. ఒక నక్షా గీస్తారు, దాన్ని వందసార్లు అచ్చు గుద్దినట్లు వరసగా కడతారు, చీటీ తీసి నంబరు ఇస్తారు. ఫతహీ గారు దానికి ఒప్పుకోలేదు. ధనవంతుడు ఆర్కిటెక్టు దగ్గరకు వస్తే అతని అలవాట్లు, అతని పిల్లల సంఖ్య, భార్య ఇష్టాయిష్టాలు అన్నీ అడిగి ఇల్లు గీస్తాడు కదా, బీదవాడి ఇల్లు మాత్రం వెయ్యింటికి ఒక్క నక్షాయా అని ఆయన వాదన. అందుచేత కుటుంబం కుటుంబంతో కూర్చున్నారు. ఎంతమంది, ఎన్ని పశువులు, ఎవరి పక్కన ఎవరు, వంట ఎక్కడ, గడ్డివామి ఎక్కడ, అన్నీ అడిగారు. అక్కడ బదనా అని ఒక కట్టుబాటు వుంది. ఒకే రక్తసంబంధం గల పదీ ఇరవై కుటుంబాలు కలిసి వుండడం, మనవైపు ఖాందాన్ అంటామే అలాంటిది. ఒక్కొక్క బదనాకు మధ్యలో ఒక లోగిలి వుండేటట్లు, పెళ్ళికీ చావుకూ అందరూ అక్కడ కూడేటట్లు ఊరిని గీశారు. అయితే ఆడవాళ్ళతో మాత్రం మాట్లాడలేకపోయారు, పరదా అడ్డు వచ్చింది. ఇంట్లో రోజంతా మసిలేది వాళ్ళయితే, ఇంటి గురించి చెప్పింది మగవాళ్ళు. ఈ లోటు ఆయన దాచుకోకుండా రాసుకున్నారు.

ముందు నలుగురికీ పనికివచ్చే కట్టడాలు లేపారు. మసీదు, బజారు, ఖాన్, నాటకశాల, మగపిల్లల బడి, ఆడపిల్లల బడి. ఖాన్ అంటే వట్టి సత్రం కాదు, నేత మొదలైన చేతిపనులు నేర్పే చోటు. సమాధుల సొమ్ము పోయాక ఈ జనం ఏం తింటారన్న ప్రశ్న ఆయన్ను వదలలేదన్నమాట. బడికి గాలి తోడే పొగగొట్టంలాంటిది ఒకటి పెట్టి, దాని లోపల తడిపిన బొగ్గు పళ్ళాలు అమర్చి, కరెంటు లేకుండానే గది వేడిని దాదాపు 10 డిగ్రీలు తగ్గించారు. మసీదు చాలా చక్కనిది. బయటినుంచి మెట్లున్న మీనారు, మట్టి గుమ్మటం, చల్లని సెహన్. ఫోటోలలో చూసినా మనసు కుదుటపడుతుంది.

ఇక సర్కారు సొమ్ము ఖర్చు పెట్టే తంటా వుందే, అది అనుభవించినవాళ్ళకే తెలుస్తుంది. కాంక్రీటు ఇంటికి సిమెంటు ఎంత ముఖ్యమో మట్టి ఇంటికి గడ్డి అంత ముఖ్యం. గడ్డి కోతల కాలంలో చవక, ఆ తరువాత ప్రియం. ఫైలుకు కోతల కాలం ఏం తెలుసు? మంజూరు రావాలి, టెండరు పిలవాలి, మూడు సంతకాలు పడాలి. సర్కారు నిబంధనలన్నీ సిమెంటూ ఇనుమూ అమ్మే కంట్రాక్టరును మనసులో పెట్టుకొని రాసినవి. మట్టిని ఏ పద్దు కింద రాయాలో, కాలువ తవ్వితే వచ్చిన మన్నుకు బిల్లు ఎవరి పేర చేయాలో ఏ గుమాస్తాకూ తెలియదు. కూలీలకు బట్వాడా ఆలస్యమయ్యేది. ఎండాకాలం పని సాగదు. చలికాలం వచ్చేసరికి సొమ్ము రాదు. 1947లో ఈజిప్టు అంతటా కలరా వచ్చి రాకపోకలు ఆగిపోయాయి. ఈ గొడవలన్నిటినీ ఆయన తన పుస్తకంలో ఓపికగా పేజీలకొద్దీ రాశారు. ఒక్కొక్క పనికి ఎంత కూలి, ఎన్ని గంటలు, ఎన్ని ఇటుకలు అన్న పట్టికలు కూడా చేర్చారు. తరువాత ఎవరైనా ఈ పని ఎత్తుకుంటే అంచనా వేసుకోవడానికి.

చిన్న సంగతి ఒకటి ఇక్కడ చెప్పకుండా వుండలేను. మన సంఘం తరఫున కొన్ని సంవత్సరాలు ఇళ్ళ దరఖాస్తులు నింపే పని నేను చేశాను. మన బస్తీలోనే ఒక ఖాలా, భర్త పోయినావిడ, ఇల్లు మంజూరు అయింది. మనవైపు సొమ్ము ఒకేసారి ఇవ్వరు కదా, బేస్‌మెంటు లేస్తే ఒక కిస్తు, లింటెల్ వస్తే ఒకటి, స్లాబు పడితే ఒకటి. ఆవిడ అప్పు చేసి లింటెల్ దాకా లేపింది. కొలతలు తీసేవారు వచ్చేసరికి మూడు నెలలు, కాగితంలో తండ్రిపేరు ఒకచోట ఒకలాగా మరోచోట మరోలాగా వుందని ఇంకో ఏడాది. రెండు వానాకాలాలు ఆ గోడలు నెత్తిమీద రేకు లేకుండా తడిశాయి. సొమ్ము వచ్చింది, రాలేదని కాదు. వచ్చేనాటికి వడ్డీ అసలును మింగేసింది. ఆవిడకు జవాబు చెప్పలేక ఆ సందులోంచి నడవడం నేను మానుకున్న రోజులున్నాయి. ఫతహీ గారు తల్ఖాలో దారి మార్చుకున్న సంగతి చదివినప్పుడు నాకు ఆ సందే గుర్తుకొచ్చింది.

ఫతహీ గారు ఈ కిస్తుల వ్యవహారం గురించి బాగా ఆలోచించారు. సర్కారు సామాను ఇచ్చి, మీరే కట్టుకోండి అంటే ఆ సామాను వచ్చినన్నాళ్ళే పని సాగుతుంది, సర్కారు చెయ్యి తీస్తే ఆగిపోతుంది, జనానికి మిగిలే విద్య ఏమీ వుండదని ఆయన అభిప్రాయం. సిమెంటు పని నేర్చుకున్నా బీదవాడికి రేపు సిమెంటు కొనే సత్తువ లేదు కదా. ఆయన కోరింది వేరు. పల్లెల్లో ఒకరి ఇంటికి పదిమంది చెయ్యి వేయడం ఎప్పటినుంచో వున్నదే. ఈరోజు నీ ఇంటికి నేను, రేపు నా ఇంటికి నువ్వు. ఈ చేబదులు శ్రమను లెక్క రాసి, అప్పులాగా జమ కట్టి, ఆఖరు కుటుంబం ఇల్లు లేచేదాకా ఎవరూ జారుకోకుండా చూడాలన్నారు. సర్కారు సొమ్ము మేస్త్రీల జీతానికి, నేర్పడానికి, ఊరందరికీ కావలసిన బావులకూ బడులకూ ఖర్చు కావాలి. గుర్నా కుర్రాళ్ళను నూబియా మేస్త్రీల పక్కన నిలబెట్టి పనిలోనే పని నేర్పించారు కూడా.

ఇంత చేసినా ఊరివాళ్ళు రాలేదు. కొందరు పెద్దలకు సమాధుల బేరం పోతుందన్న భయం. కొందరికి గుమ్మటాలు చూస్తే అయిష్టం. గుమ్మటం అంటే వాళ్ళవైపు దర్గాకూ సమాధికీ కడతారు, బతికున్నవాళ్ళ ఇంటి మీద గుమ్మటమేమిటి? కొందరికి కొండమీది విశాలమైన వాకిళ్ళు వదలడం కష్టం. ఒకనాటి రాత్రి ఎవరో కొత్త ఊరి చుట్టూ వున్న కట్టకు గండి కొట్టారు. వరదనీరు పచ్చి ఇటుక గోడల దగ్గరకు వచ్చింది. మట్టి ఊరికి నీరే శత్రువు. ఫతహీ గారు, పనివాళ్ళు పరుగెత్తి గండి పూడ్చారు. సాయానికి పిలిస్తే వచ్చిన ఊరివాళ్ళు మనసు పెట్టి చెయ్యి వేయలేదని ఆయన బాధపడ్డారు.

తప్పు ఎవరిది? చాలామంది రచయితలు గుర్నా జనాన్ని దొంగలుగా చూపి, ఫతహీ గారిని మహాత్ముడిగా చూపి పుస్తకం మూసేస్తారు. నాకు అది సబబుగా తోచదు. ఇల్లు ఎలా వుండాలని ఆయన అడిగారు, నిజమే. అసలు ఇక్కడినుంచి కదులుతారా అని మాత్రం ఎవరూ అడగలేదు. అది ఉత్తర్వుతోనే తేలిపోయింది. కొండమీద ఇంటికి తోడు కూడు వుంది, కింద ఇల్లు వుంది గాని కూడు ఇంకా నేర్చుకోవాలి. ఖాన్‌లో నేత నేర్చుకునేదాకా పిల్లల కడుపు ఆగుతుందా? పునరావాసం అని పేరు పెట్టినచోటల్లా ఈ చిక్కే. ఆనకట్ట కింద మునిగిన ఊళ్ళవాళ్ళను అడిగితే మనకు ఇంకా బాగా చెబుతారు. ఆయన నిజాయితీలో లోపం లేదు. అయితే ఆయన ఆ శాఖ తరఫున వచ్చిన మనిషి, ఊరివాళ్ళు ఆయన్ను అలాగే చూశారు.

1948కల్లా పని ఆగిపోయింది. అనుకున్నవాటిలో కొద్దిభాగం ఇళ్ళు, ఓ డెబ్బై దాకా, సార్వజనిక కట్టడాలు మాత్రం లేచాయి. ఊరు ఒక శాఖనుంచి మరో శాఖకు చేతులు మారింది, కొత్తగా చేతికొచ్చినవారికి దాని మీద శ్రద్ధ లేదు. కైరోలో ఆయన్ను వెక్కిరించారు. తరువాత కొన్నేళ్ళు విద్యాశాఖలో బడుల నిర్మాణం చూసి, మళ్ళీ కళాశాలలో పనిచేసి, 1957లో గ్రీసు దేశం వెళ్ళిపోయారు. అక్కడ దోక్సియాదిస్ అనే పట్టణ నిర్మాణవేత్త సంస్థలో ఇరాక్ గృహ పథకాలు వగైరా చూశారు. 1960ల మొదట్లో తిరిగి వచ్చి పాత కైరోలో కోట దగ్గర దర్బుల్ లబ్బానా అనే సందులో, పాతకాలపు ఇంటి మిద్దెమీద, పిల్లుల మధ్య కాపురం పెట్టారు. 1967లో ఎడారిలో బారిస్ అనే ఊరు మొదలుపెడితే ఆ ఏడాది యుద్ధంతో అదీ ఆగిపోయింది.

గుర్నా కథను ఆయన పుస్తకంగా రాస్తే 1969లో కైరోలో అచ్చయింది. 1973లో అమెరికాలో షికాగో విశ్వవిద్యాలయం వారు బీదల కోసం వాస్తువిద్య అనే అర్థం వచ్చే పేరుతో మళ్ళీ వేశారు. ఇక చూడండి, ఊరు ఓడిపోయింది గాని పుస్తకం దేశదేశాలు తిరిగింది. 1980లో ఆగాఖాన్ వాస్తు పురస్కారాలలో అధ్యక్షుని ప్రత్యేక బహుమతి, అదే ఏడాది మొట్టమొదటిసారి ఇచ్చిన రైట్ లైవ్లీహుడ్ బహుమతి కూడా ఆయనకే దక్కాయి. ఎనభై ఏళ్ళ వయసులో అమెరికాలోని న్యూ మెక్సికోలో అబిక్యూ అనేచోట ముస్లిములకోసం మట్టి మసీదు కట్టించడానికి నూబియా మేస్త్రీలను వెంటబెట్టుకొని వెళ్ళారు. 1989 నవంబరు 30న కైరోలో పరమపదించారు.

మన దేశంలోనూ ఆ విద్య వుంది. పుదుచ్చేరి పక్కన ఆరోవిల్‌లో నూబియా పద్ధతి కమానులు వేయడం నేర్పుతున్నారు. అక్కడి సందర్శకుల కేంద్రం భవనానికి 1992లో హసన్ ఫతహీ పేరిట ఇచ్చే బహుమతి వచ్చింది. పచ్చి ఇటుక బదులు, కొంచెం సిమెంటు కలిపి మిషనుతో నొక్కిన మట్టి ఇటుక వాడతారు.

గుర్నా సంగతి చెప్పి ముగిస్తాను. కొండమీది పాత ఊరిని సర్కారువారు ఆఖరికి 2006 డిసెంబరు నుంచి బుల్‌డోజర్లతో పడగొట్టారు. ఆ కుటుంబాలను ఫతహీ గారి ఊరికి కాదు, ఉత్తరాన మరోచోట వరసగా కట్టిన ఇళ్ళలోకి పంపించారు. కింద ఫతహీ గారి ఊళ్ళో మాత్రం ఎప్పటినుంచో జనం కాపురం వుంటున్నారు. నేలలో ఉప్పు పైకి ఎక్కి గోడలు పాడయ్యాయి. కొడుకులకు పెళ్ళిళ్ళయితే గుమ్మటం మీద ఇంకో అంతస్తు వేయలేరు గనుక చాలామంది మట్టి ఇల్లు తీసి కాంక్రీటు వేసుకున్నారు. వాళ్ళను తప్పుపట్టడానికి నాకు నోరు రాదు. 2010లో ప్రపంచ కట్టడాల సంరక్షణ సంస్థ ఆ ఊరిని ప్రమాదంలో వున్నవాటి జాబితాలో చేర్చింది, యునెస్కోవారు కలుగజేసుకొని ఖాన్, నాటకశాల, మసీదు మరమ్మత్తులకు పూనుకున్నారు. ఆ మసీదులో ఊరివాళ్ళు ఇన్నేళ్ళుగా నమాజు చేసుకుంటూనే వున్నారు.